స్వభాను నాటి పారీఖత్తు

పోయిన సెలవుల్లో మా ఊరి ఇంటికి సున్నం వేయిస్తుంటే అటక మీదినుంచి ఒక రేకుపెట్టె దించారు. అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. మా నాన్నకు తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. ఆయన చదువంతా తమిళంలో అయింది. అమ్మది తమిళ ఇల్లు. అవ్వకు చదువే లేదు. అందువల్ల కాగితం నా చేతికొచ్చింది. "కాలేజీలో తెలుగు చదువుతా ఉండావు కదా, ఏముందో చెప్పు" అన్నారు. మొదటి రోజు రెండు వరుసలు కూడా సాగలేదని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అది గొలుసుకట్టు రాత. మాటకీ మాటకీ నడుమ ఖాళీ లేదు, వాక్యం ఎక్కడ ముగిసిందో గుర్తు లేదు. కాలేజీకి తెచ్చి మన డిపార్ట్‌మెంట్ మేడమ్ దగ్గర కూర్చుని వారం రోజులు చదివాను. అది 1943లో, స్వభాను సంవత్సరంలో, మా ముత్తాత అన్నదమ్ములు ఆస్తి పంచుకున్న పారీఖత్తు.

అప్పటికి మాది సేలం జిల్లా. కృష్ణగిరి వేరే జిల్లా అయింది 2004లో. బారామహల్ అని పేరున్న ఈ ప్రాంతం 1792లో టిప్పు చేతినుంచి కంపెనీ చేతికి పోయింది. కెప్టెన్ రీడ్, ఆయన కింద మన్రో ఊరూరూ తిరిగి భూమి కొలిచి, రైతు పేరుమీదే పన్ను కట్టే పద్ధతి మొదలుపెట్టింది ఇక్కడే. హిస్టరీ క్లాసులో రైత్వారీ అని చదువుకున్నది అదే. పట్టా మీద రైతు పేరు ఉండడం మనకు అంత పాత అలవాటు. ఆ పేరు ఎవరిది అన్నదే ఈ వ్యాసంలో ప్రశ్న.

ముందు మాటలు చూద్దాం. పారీఖత్తు అన్నది పారసీ నుంచి దిగిన మాట. తెగతెంపులు చేసుకుని రాసుకున్న పత్రం అని అర్థం. కన్నడంవాళ్ళు పాలుపట్టి అంటారు, మా అమ్మ వాళ్ళు పాగప్పిరివినై అంటారు. మన అచ్చ తెలుగు మాట పాలు. పాలు పంచుకునేవాడు పాలివాడు, మా ఊరి నోట పాలోళ్ళు. తమిళంలో పంగాళి కూడా ఇదే లెక్క, పంగు ఉన్నవాడు. సంస్కృతం దాయం నుంచి దాయాది వచ్చాడు. ఇక్కడ ఒకటి గమనించాను. మూడు భాషల్లోనూ చుట్టరికం పేరే ఆస్తి వాటా మీద నిలబడి ఉంది. తోబుట్టువు అంటే కడుపు గుర్తొస్తుంది, పాలివాడు అంటే గట్టు గుర్తొస్తుంది. ఆడవాళ్ళకు ఇలాంటి పేరు ఒకటి ఉందా అని వెతికాను. పాలివాడికి ఆడరూపం మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు.

పంపకాల ధర్మం మనకు ఎక్కడినుంచి వచ్చిందో పరీక్షకు చదివే ఉంటాం, గుర్తుండకపోవచ్చు. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే వ్యాఖ్య రాశాడు. ఆయన ఆరవ విక్రమాదిత్యుడి కాలంవాడు, కల్యాణి చాళుక్యుల రాజధానిలో ఉండినవాడు. ఆ కల్యాణమే ఇప్పటి కర్ణాటకలోని బసవకల్యాణ. పదమూడో శతాబ్దంలో కేతన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు, దాని పేరు విజ్ఞానేశ్వరము. మనం కేతన అంటే దశకుమార చరిత్ర, ఆంధ్రభాషాభూషణము అని రెండు పేర్లు రాసి ఒక మార్కు తెచ్చుకుంటాం. మూడో పుస్తకం మన తాతల గట్ల మీద నడిచిన పుస్తకం.

మితాక్షర చెప్పేదాంట్లో ముఖ్యమైనది ఇది. తాత తండ్రుల ఆస్తిలో కొడుక్కి పుట్టుకతోనే హక్కు వస్తుంది. తండ్రి చచ్చిపోయేదాకా ఆగక్కర్లేదు. బెంగాలులో నడిచిన జీమూతవాహనుడి దాయభాగం అలా కాదు, తండ్రి పోయాకే కొడుక్కి హక్కు. మన వైపు పద్ధతిలో ఇల్లంతా ఒక ఉమ్మడి. ఒక మగవాడు బిడ్డలు లేకుండా, పంపకం కాకముందే పోతే అతని హక్కు తక్కిన మగవాళ్ళలో కలిసిపోతుంది. ఈ వాక్యాన్ని నేను క్లాసులో రాసుకున్నప్పుడు ఏమీ అనిపించలేదు. కాగితం చదివాక తెలిసింది కలిసిపోవడం అంటే ఏమిటో.

అన్నిటికంటే నాకు ఆశ్చర్యం కలిగించింది కాగితంలోని క్రియాపదం. "పంచుకొంటున్నాము" అని ఎక్కడా లేదు. "ఇంతకు మునుపే పెద్దమనుషుల ముందర నోటి మాటగా పంచుకొన్నాము, జ్ఞాపకార్థము ఈ పట్టీ వ్రాసుకొన్నాము" అని ఉంది. పైగా అది రిజిస్టరు కాలేదు. ఎందుకలా అని మేడమ్‌ని అడిగితే ఆమె తమకు తెలిసిన ఒక వకీలుని అడిగి చెప్పారు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం నూరు రూపాయలూ ఆ పైన విలువున్న స్థిరాస్తిని ఒక పత్రమే పంచుతున్నట్టయితే దాన్ని రిజిస్టరు చేయాలి. నోటి మాటతో ముందే పంచుకున్నదాన్ని తరవాత గుర్తుకోసం రాసుకుంటే అక్కర్లేదు. అంటే భూతకాలంలో రాస్తే ఒక చట్టం, వర్తమానంలో రాస్తే ఇంకొక చట్టం! వ్యాకరణం ఎందుకూ పనికిరాదని అనేవాళ్ళకు ఈ కాగితం చూపించాలని ఉంది. ఆ రాసిన కరణానికి కాలాల సంగతి మనకంటే బాగా తెలుసు.

భాష సంగతి ఇంకొంచెం. హద్దులు చెప్పేచోట చెక్కుబందీ, హక్కులు చెప్పేచోట నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షిణి, ఆగామి, సిద్ధ, సాధ్యములు అని ఎనిమిది మాటల వరుస. శాసనాల పాఠంలో అష్టభోగాలు అని మనకు వచ్చేవే ఇవి. రాజులు అగ్రహారాలు ఇచ్చేటప్పుడు రాయి మీద చెక్కించిన మాటలు, రెండున్నర ఎకరాలు కూడా లేని మడికి మా ఊరి కరణం రాశాడు. అదే వాక్యంలో సర్వే నంబరు, సెంట్లు, నంజ, పుంజ కూడా ఉన్నాయి. సంస్కృతం, ఇంగ్లీషు, తమిళం, పారసీ అన్నీ ఒకే గాటన కట్టేసి ఉన్నాయి. అయినా చదువుతుంటే అది తెలుగే.

ఇక లెక్క. అన్నదమ్ములు నలుగురు. పెద్దాయన మా ముత్తాత. మూడో ఆయన 1940లో జ్వరంతో పోయాడు, పిల్లలు లేరు, భార్య ఉంది. తండ్రి అంతకుముందే లేడు, తల్లి ఉంది. పెళ్ళికాని చెల్లెలు ఒకామె ఉంది. నంజ, అంటే చెరువు కింద మడి, 2 ఎకరాల 40 సెంట్లు. పుంజ, అంటే మెట్ట, మూడు చోట్ల కలిపి 13 ఎకరాల 20 సెంట్లు. మూడు పాళ్ళు వేశారు. పాలుకు నంజ 80 సెంట్లు, పుంజ 4 ఎకరాల 40 సెంట్లు.

మడిని అడ్డంగా కోయలేదు. కాలవ నుంచి కట్టదాకా నిలువుగా మూడు చీలికలు చేశారు. అడ్డంగా కోస్తే కింది చేనివాడికి నీళ్ళు పైవాడి దయ మీద పారాలి. మెట్ట మూడు చోట్ల ఉంది కదా, మనిషికొక చోటు ఇచ్చుంటే తేలిగ్గా పోయేది. అలా చేయలేదు. ఒక్కొక్క చేనునూ మూడు ముక్కలు చేసి తొమ్మిది ముక్కలు పెట్టారు. ఒకటి నల్లరేగడి, ఒకటి ఎర్రనేల, ఒకటి రాళ్ళ గుట్ట పక్కది. ముగ్గురికీ మంచీ చెడూ సమానంగా రావాలని. న్యాయంగానే ఉంది. కానీ నాగలి తిప్పుకునే చోటు పోయింది, గట్లు పెరిగాయి, గట్టుకొక పంచాయితీ పెరిగింది. ఎకనామిక్స్‌లో కమతాలు చిన్నవైపోవడం గురించి చదివేటప్పుడు జనాభా పెరగడం ఒక్కటే కారణంగా రాస్తాం. సమానంగా పంచాలన్న పట్టుదల కూడా ఒక కారణమని నాకు అనిపిస్తుంది.

పాళ్ళు ఎవరికి ఏది అన్నది ఎలా తేల్చారో కాగితంలో లేదు, అవ్వ చెప్పింది. వాళ్ళ అత్త ఆమెకు చెప్పిందట. పాళ్ళు కట్టేది పెద్దవాడు, ముందుగా ఎత్తుకునేది చిన్నవాడు. కట్టినవాడికి చివర మిగిలిందే దక్కుతుంది కాబట్టి ఒక పాలు లావుగా ఇంకొకటి సన్నంగా కట్టడు. దీనికి మించిన జడ్జి ఎవరు?

పెద్దవాడికి ఎక్కువ ఇవ్వాలా అన్నది పాత తగువే. మనుస్మృతిలో పెద్దవాడికి ఇరవయ్యో వంతు, నడిమివాడికి అందులో సగం, చిన్నవాడికి అందులోనూ సగం అదనంగా తీసిపెట్టమని ఉంది. మితాక్షర మాత్రం ఆ మాట శాస్త్రంలో ఉన్నా లోకం ఒప్పుకోదు కాబట్టి ఆచరించకూడదు అంటుంది. లోకానికి నచ్చకపోతే శాస్త్రాన్ని పక్కన పెట్టొచ్చని ఒక శాస్త్రకారుడే ఒప్పుకోవడం నాకు చాలా నచ్చింది. అయితే ఆ వీలు అన్నదమ్ముల నడుమే వాడుకున్నారు. మా కాగితంలో పెద్దరికానికి మిగిలింది ఒక రాగి గంగాళం. అది ఇప్పటికీ మా దొడ్లో ఉంది, అందులో నీళ్ళు పట్టుకుంటాం.

మిగతా సామాను వరుసగా రాయను, రెండు పేజీలు ఉంది. రెండు జతల ఎద్దులు పెద్దవాళ్ళిద్దరికీ, రెండు పాడి ఆవులూ దూడా బండీ చిన్నాయనకు. రాగుల పాతర ఒక్కటే, దాన్ని పగలగొట్టలేరు కాబట్టి ఉమ్మడి. కల్లం ఉమ్మడి. రోలు పెద్దింట, ఇసురురాయి నడిమింట. ఇంటి నడుమ గోడ పెట్టుకోవాలని, గోడ ఖర్చు ముగ్గురూ భరించాలని ఉంది. చింతచెట్లను నేలతో పాటు కాకుండా వేరే పంచారు. ఒకడి గట్టు మీది చెట్టు ఇంకొకడిది. అప్పు మున్నూరు రూపాయలు, తలకు నూరు.

బావిని పంచలేదు, నీళ్ళకు వంతు పెట్టారు. కపిల ముగ్గురూ మూడు రోజులకొకసారి తోలుకోవాలి. మోకు, తోలుబాన తెగితే ఎవరి వంతులో తెగిందో వాళ్ళే వేయించాలి. స్మృతుల్లో కూడా పంచకూడనివి అని ఒక జాబితా ఉంది. కట్టుకున్న బట్ట, వండిన అన్నం, నీళ్ళు, నడిచే దోవ అందులో ఉన్నాయి. మా కరణం మనువుని చదివాడో లేదో తెలియదు గానీ బావికీ దోవకీ అదే చేశాడు. కపిల పోయి మోటారు వచ్చింది, వంతు మాత్రం ఇప్పటికీ అదే. మంగళవారం మా వంతు వస్తే ఆ రాత్రి కరెంటు ఎప్పుడొస్తుందా అని నాన్న మేలుకుని ఉంటాడు.

వంతు అన్న మాట కాగితంలో రెండు చోట్ల వచ్చింది. ఒకటి కపిలకు. రెండోది తల్లికి. ఆమె ముగ్గురి ఇళ్ళలో నెలకొక ఇంట వంతు చొప్పున భోంచేయాలి. మితాక్షర చూస్తే, కొడుకులు పంచుకునేటప్పుడు తల్లికీ ఒక కొడుకుతో సమానంగా పాలు ఉంది. ఇది నిజంగానే ఉంది. కానీ దక్షిణదేశంలో ఆ ఆచారం ఎప్పుడో పోయిందని చెప్పి మద్రాసు కోర్టులు దాన్ని పక్కన పెట్టాయి. ఆడవాళ్ళకిచ్చిన మాట కాబట్టి పోయింది, పెద్దవాడి అదనం లోకం ఒప్పుకోక పోయింది. రెండూ పోవడమే, రెంటికీ కారణాలు వేరు. పెళ్ళికాని చెల్లెలికి స్మృతిలో నాలుగో వంతు అని ఉంది, దాన్ని పెళ్ళి ఖర్చుకని అర్థం చెప్పుకున్నారు. మా కాగితంలో ఆమె పెళ్ళికి నూటయాభై రూపాయలు, ముగ్గురూ సమానంగా. ఆమె పసుపు కుంకుమ కింద ఒక ఆవు దూడ.

మన వాళ్ళలో ఇల్లటం అల్లుడని ఒక ఆచారం ఉంది కదా. రెడ్లలో, కమ్మవాళ్ళలో కూతురికిచ్చి ఇంట్లో పెట్టుకున్న అల్లుడికి కొడుకుతో సమానంగా పాలు ఇస్తారు, దాన్ని మద్రాసు హైకోర్టు కూడా ఒప్పుకుంది. అంటే ఆ ఇంట పుట్టిన పిల్లకు రాని భూమి, ఆ పిల్లను చేసుకున్నవాడికి వస్తుంది. ఇది వింటే నవ్వాలో ఏం చేయాలో తెలియదు.

మూడో ఆయన భార్య దగ్గరికి వస్తాను. అవ్వ ఆమెను చిన్నత్త అంటుంది. కాగితంలో ఆమెకు పేరు లేదు, "చనిపోయిన మూడవవాని భార్య" అని ఉంది. ఆమెకు మనువర్తి కింద ఏడాదికి మూడు మూటల రాగులు, రెండు చీరలు, ఒక బిందె, ఒక చెంబు, రెండు తళెలు, వంటింటి వెనక గది. చెరువు దోవలోని చివరి చింతచెట్టు ఫలం ఆమె బతికినన్నాళ్ళు. కింద ముగ్గురు అన్నదమ్ముల సంతకాలు, సాక్షులు, కరణం. ఆమె వేలిముద్ర లేదు.

నేను లెక్క వేసి చూశాను. నాలుగు పాళ్ళు వేసుంటే పాలుకు నంజ 60 సెంట్లు, పుంజ 3 ఎకరాల 30 సెంట్లు. మూడే వేశారు కాబట్టి తక్కిన ముగ్గురికీ తలా నంజ 20 సెంట్లు, పుంజ ఎకరా 10 సెంట్లు ఎక్కువ వచ్చాయి. కలిసిపోవడం అంటే ఇది.

అప్పటికి చట్టం ఏమీ లేదా అంటే, ఉంది. 1937లో హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం వచ్చింది. ఉమ్మడిలో భర్త పోతే అతని హక్కు ఆమె జీవితకాలానికి ఆమెకు రావాలి, పంచమని అడిగే హక్కు కూడా ఉంటుంది. ఆమె భర్త పోయింది 1940లో, చట్టం వచ్చాకే. కానీ 1941లో ఫెడరల్ కోర్టు ఆ చట్టం గవర్నర్ల రాష్ట్రాల్లో వ్యవసాయ భూమికి వర్తించదని చెప్పింది. ఊళ్ళో ఆస్తంటే వ్యవసాయ భూమే కదా! మద్రాసులో దాన్ని సేద్యపు భూమికీ వర్తింపజేస్తూ చట్టం చేసింది 1947లో. అప్పటికి ఆమె భర్త పోయి ఏడేళ్ళు, పాళ్ళు పడి నాలుగేళ్ళు. సరే, భూమి సంగతి అలా ఉంచండి. ఇల్లు, ఎద్దులు, ఆవులు, రాగి ఇత్తడి సామాను వ్యవసాయ భూమి కాదు. వాటిలో నాలుగో పాలు 1943లోనే ఆమెది. కరణానికి భూతకాలం తెలుసు, రిజిస్ట్రేషన్ చట్టం తెలుసు. ఇది తెలియదని నేను నమ్మలేకపోతున్నాను.

ఇంకొకటి. మనువర్తిని గింజల్లో కాకుండా నేలలో ఇచ్చుంటే? 1956 హిందూ వారసత్వ చట్టం పద్నాలుగో సెక్షను, ఆడమనిషి చేతిలో ఉన్న ఆస్తి పూర్తిగా ఆమెదే అంటుంది. తులసమ్మ అనే ఒక తెలుగు వితంతువు కేసులో, మనువర్తి కింద బతికినన్నాళ్ళు అనుభవించమని ఇచ్చిన ఆస్తి కూడా పూర్తిగా ఆమెదే అవుతుందని సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. మా చిన్నత్తకు ఒక అర ఎకరా రాళ్ళ నేల రాసిచ్చుంటే అది ఆమెదై ఉండేది. మూటలు అయితే ప్రతి ఏడూ అడిగి తెచ్చుకోవాలి.

తరవాతి చట్టాలు మనందరికీ తెలిసినవే. కూతురికి పుట్టుకతో హక్కు ఆంధ్రలో 1985 నుంచి, తమిళనాడులో 1989 నుంచి, కర్ణాటకలో, మహారాష్ట్రలో 1994లో, దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9 నుంచి. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. మా మేనత్త ఒకామె ఉంది, ఆమె సంతకం పెట్టి ఇచ్చిన కాగితం ఇంకొకటి ఆ రేకుపెట్టెలోనే ఉంది. దాని గురించి ఇక్కడ రాయను, ఆమెను అడగలేదు.

మా ముత్తాత పాలు ఆయన కొడుకులిద్దరికీ సగం సగం పోయింది. మా తాత పాలు మా నాన్నకూ చిన్నాన్నకూ సగం సగం. ఇప్పుడు నాన్న పేరుమీద పట్టాలో ఉన్నది నంజ 20 సెంట్లు, పుంజ ఎకరా 10 సెంట్లు. పైన వేసిన లెక్క మళ్ళీ చూడండి. నా ఫీజు కట్టింది ఆ నేల మీదే. ఈ సంగతి నాన్నకు చెప్పాను. కాసేపు ఊరుకుని, "ఆ చింతచెట్టు ఎక్కడుండేదో చూపిస్తా పద" అన్నాడు. పోయి చూశాం. చెట్టు లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేశారు.

అవ్వ ఈ ఇంటికి కోడలుగా వచ్చేటప్పటికి చిన్నత్త ఉంది. శివరాత్రి దాటాక ఆ చెట్టు కాయలు రాల్పించుకుని, గది ముందర కూర్చుని పిక్కలు తీసేదట. రాగులు కొట్టే రోజున కల్లం అంచున మూట పట్టుకుని నిలబడేదట. అడిగేది కాదట. ఎవరో ఒకరు చూసి కొలవమని చెప్పేదాకా నిలబడే ఉండేదట.

కాగితం వెనక వైపు మొన్నటిదాకా నేను చూడలేదు. మేడమ్ తిప్పి చూపించారు. ప్రోనోట్ల వెనక చెల్లు వేస్తారే, అలా ఆమె మనువర్తికి చెల్లు వేసి ఉంది. 1944, మూడు మూటలు. 1945, మూడు మూటలు. 1946, రెండు మూటలు. ఆ కింద పేజీ అంతా ఖాళీ.